పోషకాచార్యులవారికి సన్మానపత్రం

శ్రీయుత ఆచార్య ........................ గారికి, ఫీజు కట్టిన తెలుగు పౌరులు సవినయంగా సమర్పించుకుంటున్న సన్మానపత్రం.

చుక్కలున్న చోట ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఫ్రేము కట్టే కుర్రాడు మాత్రం "పేరు లేకుండా సన్మానపత్రం ఏంటి సార్, ఎక్కడన్నా ఉందా?" అని గునిశాడు. మీరు మా కాలనీవాళ్ళకు ఇచ్చిన డైట్ ప్లాన్లు నాలుగు తీసి వాడి ముందు పరిచాం. పై వరుసలో పేరు, వయసు, బరువు మారాయి. కింద నిమ్మరసం దగ్గర్నుంచి రాత్రి సూప్ దాకా ఒక్క అక్షరం మారలేదు. వాడు మారుమాట్లాడకుండా మేకులు కొట్టాడు. గురువుగారిని గురువుగారి పద్ధతిలోనే కొలవాలి కదా.

వ్యక్తిగత పోషణ ధురంధరా!

ప్రతి మనిషీ ప్రత్యేకమనీ, అందరికీ ఒకే తిండి చెప్పడం పాతకాలపు డాక్టర్ల అజ్ఞానమనీ మీరు వీడియోల్లో సెలవిస్తుంటే మాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకింతలో ఉండగానే డబ్బు కట్టేశాం. కూకట్‌పల్లిలో రాత్రి షిఫ్టు చేసే సాఫ్ట్‌వేర్ అమ్మాయికి, నరసరావుపేటలో రిటైరైన లెక్కల మాస్టారికి, డాలస్‌లో ఉంటున్న ఆయన కొడుక్కి మీరు విడివిడిగా ఆలోచించి తయారుచేసిన ప్రణాళికలు అందాయి. ముగ్గురికీ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం, నానబెట్టిన బాదంపప్పులు ఐదు, పదకొండింటికి చియా గింజలు, మధ్యాహ్నం కీన్వా, సాయంత్రం ఏడు లోపల సూప్. మాస్టారి కాగితం చివర "నెలసరి రోజుల్లో వ్యాయామం తగ్గించండి" అని కూడా ఉంది. సర్వీసంతా పిల్లల్ని పక్కవాడి పేపరు చూడనివ్వని మనిషాయన. అయినా మీ మీద గౌరవం కొద్దీ ఏమీ అనలేదు. నెలలో తనకు తోచిన రెండు రోజులు ఎంచుకుని నడక మానేస్తున్నారు.

దీన్ని కూడా తప్పుపట్టేవాళ్ళున్నారు. మనిషికో తిండి చెప్పడమంటే ఎంత చాకిరీయో వాళ్ళకు తెలియదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ చాకిరీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. 800 మందికి గ్లూకోజ్ కొలిచే సెన్సర్లు అంటించి, వారం రోజుల పాటు తిన్నదల్లా రాయించి, పేగుల్లోని సూక్ష్మజీవులను పరీక్షించి చూస్తే, ఒకే తిండికి ఒకరి రక్తంలో చక్కెర ఎగబాకింది, మరొకరికి పెద్దగా కదల్లేదు. కాబట్టి మీ మాటలో నిజముంది, ఆ సంగతి మేం దాచం. ఆ నిజాన్ని అందుకోవడానికి వాళ్ళకు అంత సరంజామా కావలసి వచ్చింది. మీకు ఒక గూగుల్ ఫారం సరిపోయింది. "మీకు తీపి ఇష్టమా? అవును, కాదు." శాస్త్రానికి ఇంత ఖర్చు తగ్గించినవారు మరొకరు లేరు. తగ్గిన ఖర్చు ఫీజులో ఎక్కడా కనిపించలేదన్నది వేరే విషయం.

ఫారంతో తృప్తిపడని వాళ్ళ కోసం మీ దగ్గర డీఎన్‌ఏ ప్యాకేజీ కూడా ఉంది. గొట్టంలో ఉమ్మి పంపిస్తే ఏ జన్యువుకు ఏ పప్పు పడుతుందో రంగుల పుస్తకం ఇంటికొస్తుంది. ఈ విద్యకు అమెరికాలో గొప్ప చరిత్ర ఉంది. అక్కడి పార్లమెంటు తరఫున తనిఖీలు చేసే జీఏఓ అనే సంస్థ 2006లో నాలుగు వెబ్‌సైట్ల దగ్గర ఇలాంటి పరీక్షలు కొన్నది. వయసులు, అలవాట్లు మార్చి 14 మంది లేని మనుషులను సృష్టించి నమూనాలు పంపింది. నమూనాలు మాత్రం ఇద్దరివే: తొమ్మిది నెలల పసిపాపవి, 48 ఏళ్ళ పెద్దమనిషివి. ఒకే పాప జన్యువులకు రకరకాల సలహాలు వచ్చాయి. పొగ తాగుతానని ఫారంలో రాసిన చోట పొగ మానమన్నారు. మీ జన్యువులకు తగ్గట్టు కలిపామంటూ అమ్మజూపిన విటమిన్ల ఖరీదు ఏడాదికి సుమారు 1,200 డాలర్లు. అలాంటివే మామూలు దుకాణంలో 35 డాలర్లకు దొరుకుతాయని ఆ తనిఖీవాళ్ళు గొణిగారు. మిగతా 1,165 డాలర్లు ప్రత్యేకతకు కట్టిన వెల అని వాళ్ళకు తట్టలేదు. గవర్నమెంటు ఉద్యోగులు కదా.

స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు ఇంకా మొండివాళ్ళు. 609 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, రెండో జట్టుకు పిండిపదార్థం తగ్గించి ఏడాదిపాటు వెంటపడ్డారు. ఎవరి జన్యువులకు ఏ తిండి నప్పుతుందో తేలుతుందని ఆశపడ్డారు. 2018లో వచ్చిన ఫలితం చూస్తే రెండు జట్లూ సగటున ఐదారు కిలోలు తగ్గాయి, జన్యువుల జోస్యం మాత్రం ఫలించలేదు. కూరగాయలు బాగా తినండి, పంచదార, మైదా తగ్గించండి అని రెండు జట్లకూ ఒకే మాట చెప్పారట. ఇంత ముతక సలహాతో కెరీర్ ఎలా కట్టుకుంటారో వాళ్ళకే తెలియాలి. ఆ పేపరు మీ కంటబడకుండా ఇన్నాళ్ళు జాగ్రత్తపడ్డ మీ సంయమనాన్ని ఈ సభ ప్రత్యేకంగా కొనియాడుతోంది.

అపార విద్యాసంపన్నా!

ఈ దేశంలో రిజిస్టర్డ్ డైటీషియన్ అనిపించుకోవడానికి ఒక పాత దారి ఉంది. డిగ్రీ, దానిపైన న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీయో డయెటెటిక్స్‌లో పీజీ డిప్లొమానో, తర్వాత ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, అదయ్యాక ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ పరీక్ష. సైఫాబాద్ హోమ్ సైన్స్ కాలేజీలోనో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో ఆడపిల్లలు బయోకెమిస్ట్రీతో కుస్తీ పడతారు. పెళ్ళిళ్ళలో "హోమ్ సైన్సా? వంటలు నేర్పుతారా?" అని చుట్టాలు అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఐసీయూలో ముక్కు గొట్టం ద్వారా పోసే ఆహారానికి మిల్లీలీటర్ల లెక్క కడతారు. ఇంతా చేస్తే పెద్దాస్పత్రి కింది అంతస్తులో వంటగది పక్కన ఒక చిన్న గది, మీ ప్యాకేజీ ఒకటి కొనడానికి కూడా చాలని జీతం. మీకు ఈ తతంగం లేదు. శని, ఆదివారాల్లో ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశారు. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర, మూడు వరుసల బిరుదు, కింద ఎవరో దొరగారి సంతకం. సోమవారం పొద్దున్నకే మీ పేరు పక్కన "హోలిస్టిక్" చేరింది.

మీ విద్యాపీఠాల విశాల హృదయం గురించి పరదేశంలో కథలు చెప్పుకుంటారు. 1980లలో విక్టర్ హెర్బర్ట్ అనే న్యూయార్కు వైద్యుడు తన కుక్క సాసఫ్రాస్ పేరుతో, పిల్లి చార్లీ పేరుతో డబ్బు పంపి పోషకాహార సలహాదారులకిచ్చే సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు. 2004లో బ్రిటన్‌లో బెన్ గోల్డేకర్ అనే వైద్యుడు, పత్రికా రచయిత, 60 డాలర్లు కట్టి తన పిల్లి హెన్రియెటాకు అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ న్యూట్రిషనల్ కన్సల్టెంట్స్‌లో సర్టిఫైడ్ సభ్యత్వం సంపాదించారు. ఆ పిల్లి అప్పటికే చనిపోయింది. కులం, మతం, వయసు అడగని చదువులు మేమూ చూశాం. దరఖాస్తుదారుకు ఊపిరి ఆడుతోందో లేదో కూడా అడగనిది ఇదొక్కటే.

సర్వాంగ సందర్శకా!

డాక్టర్లు మనిషిని ముక్కలుగా చూస్తారని, మీరు మాత్రం దేహం, మనసు, ఆత్మ, పడుకునే దిక్కు, వంటింటి గిన్నెల లోహం అన్నీ కలిపి చూస్తారని ప్రసిద్ధి. నిజమే. మొదటి సిట్టింగ్‌లోనే చిన్నప్పుడు నాన్నగారు కోప్పడేవారా అని అడిగారు. ఏ రంగు చూస్తే మనసు తేలికపడుతుందో అడిగారు. మూలాధారం నుంచి సహస్రారం దాకా వెళ్ళొచ్చారు. అంత మొత్తంగా చూసిన కంటికి టేబుల్ మీద పెట్టిన మందుల కవరు ఒక్కటి ఆనలేదు.

అందులో ఒకాయనవి వార్ఫరిన్ మాత్రలు. గుండె కవాటం మార్పించుకున్నారు, రక్తం గడ్డకట్టకుండా వేసుకుంటున్నారు. ఆయనకు మీరు రోజూ ఒక గ్లాసు పాలకూర రసం రాశారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకు ఎదురు తిరుగుతుంది. ఆకుకూర మానక్కర్లేదు గానీ, హఠాత్తుగా పెంచినా, హఠాత్తుగా ఆపినా మందు మోతాదు లెక్క తప్పుతుంది. ఆస్పత్రి కింది అంతస్తు గదిలోని అమ్మాయి డిశ్చార్జి రోజునే ఆ సంగతి ఆయనకు రెండుసార్లు చెప్పింది. ఇంకొకామెకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆమెకు కొబ్బరినీళ్ళు ప్రకృతిమాత ఎక్కించే సెలైన్ అన్నారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. పాడైన కిడ్నీ దాన్ని బయటికి తోయలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ వార్డులో మంచం మంచానికీ తిరిగి, కూరగాయ ముక్కలు బాగా నీళ్ళు పోసి ఉడికించి ఆ నీళ్ళు వంచేసి వండుకోండమ్మా అని చెప్పే డైటీషియన్‌కు ఆత్మ గురించి, చక్రాల గురించి ఏమీ తెలియదు పాపం. క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, నిన్న మూత్రం ఎంత వచ్చింది అని చీటీ చూస్తుంది. ఆ మంచం మీది మనిషికి తప్ప పక్క మంచానికి చెల్లని తిండి లెక్క రాస్తుంది. దాన్ని ఎవరూ పర్సనలైజ్డ్ న్యూట్రిషన్ అని పిలవరు. కేస్‌షీట్‌లో రాసి, మంచానికి తగిలించి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోతారు.

రసాల మీద మీకున్న మమకారానికి ఒక్క ముక్క. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉండటంతో ఐసీఎంఆర్ నిపుణుల సంఘం వేసి మరీ, చేదుగా అనిపిస్తే ఆ రసం తాగొద్దని చెప్పించింది. మీ శిష్యులు చేదును డీటాక్స్ పనిచేస్తున్న గుర్తుగా భావించి ముక్కు మూసుకుని మింగుతున్నారు. గురుభక్తి అంటే అదీ.

ఫుడ్ ఇన్‌టాలరెన్స్ పరీక్ష సంగతి మరిచిపోతే కృతఘ్నులమవుతాం. రక్తం తీసి వందల పదార్థాలకు ఐజీజీ ప్రతిరక్షకాలు కొలిచి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళ చార్టు చేతికిచ్చారు. మా ఇళ్ళలో ఎరుపు గళ్ళలోకి ఎక్కినవి పెరుగు, కందిపప్పు, గోధుమ, గుడ్డు. యూరప్ ఎలర్జీ నిపుణుల అకాడమీ ఈ రకం పరీక్షలను 2008లోనే పరిశీలించింది. ఆ ప్రతిరక్షకాలు మనిషి ఆ పదార్థాన్ని తింటున్నాడని చెబుతాయే గానీ పడటం లేదని చెప్పవు, ఈ పరీక్షతో తిండి మాన్పించకండి అని తేల్చింది. అంటే వేల రూపాయలు పోసి మేం రోజూ పప్పూ పెరుగన్నం తింటున్నామని నిర్ధారించుకున్నాం. ఇంట్లో ఆడవాళ్ళను అడిగితే ఊరికే చెప్పేవారు, నిజమే. గళ్ళ చార్టు మాత్రం ఇచ్చేవారు కాదు. ఎరుపు గళ్ళు చూసి ఎదిగే పిల్లలకు పాలు, గుడ్డు, పప్పు మూడూ ఆపిన ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ తరఫున ఈ సభకు ఎవరూ రాలేదు.

మధుమేహ మర్దనా!

షుగరు, క్యాన్సరు లాంటి జబ్బులు నయం చేస్తామని మందులూ మాయలూ ప్రకటించుకోకూడదని 1954లోనే ఒక చట్టం వచ్చింది. మీరు దాన్ని అక్షరాలా పాటిస్తారు. మీరు ప్రకటించరు, మీ క్లయింట్లే వీడియోలో కన్నీళ్ళు తుడుచుకుంటూ ప్రకటిస్తారు. తిండితో షుగరు తగ్గడమన్నది కల్ల కాదు. బ్రిటన్‌లో 306 మందితో చేసిన డైరెక్ట్ అనే పరిశోధన 2017లో లాన్సెట్‌లో వచ్చింది. కఠినమైన తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించిన జట్టులో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందుల్లేకుండానే చక్కెర అదుపులో ఉంది. మీరు ఆ 46 వరకు చదివి పుస్తకం మూసేశారు. జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటినవాళ్ళను, ఇన్సులిన్ వాడేవాళ్ళను అసలు అందులోకి తీసుకోలేదు. ఊళ్ళోని మామూలు డాక్టరు క్లినిక్‌లోనే, శిక్షణ పొందిన నర్సో డైటీషియనో చూస్తుండగా మందులు ఆపారు, అవసరమైతే మళ్ళీ మొదలుపెట్టారు. ఈ చిల్లర వివరాలన్నీ తీసేసి సారం మాత్రం మాకు అందించారు: మాత్రలు మానెయ్యండి. టైప్–1 షుగరున్న పిల్లాడి తల్లి కూడా ఆ వీడియో చూస్తోంది. ఇన్సులిన్ మానేస్తే ఆ పిల్లాడు బతకడు. ఈ వాక్యంలో పొగడ్త ఎలా ఇరికించాలో మాకు చేతకాలేదు, క్షమించాలి.

ఇంత కీర్తి మీరు ఎలాంటి ప్రతికూల వాతావరణంలో సంపాదించారో తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. పోషకాహార పరిశోధనకు దేశానికంతటికీ పెద్దదిక్కైన సంస్థ మన హైదరాబాదులోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పని అది. 1958లో మన ఊరికి తరలివచ్చింది. 2017లో ఆ సంస్థ మనవాళ్ళు తినే 528 పదార్థాలను దేశమంతా తిరిగి సేకరించి, ఏ గింజలో ఏముందో పట్టికలు అచ్చువేసింది. 2024లో భారతీయులకు 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు అరకిలో తినమంది, ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దంది, కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దంది. ఇదంతా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఉచితం కాబట్టే ఎవరూ దించుకోలేదు. అందులో కౌంట్‌డౌన్ లేదు, "ఇంకా మూడు సీట్లే" అన్న గడువు లేదు, చదివినవాడి పేరు పెట్టి పిలవడం లేదు. గిరాకీ అంతా మీ వైపు మళ్ళిందంటే ఆ సంస్థ చేసిన సాయం తక్కువది కాదు.

అక్కడివాళ్ళు పట్టించుకునే విషయాలు కూడా అలాంటివే. దక్కను పల్లెల్లో పూట పూటకీ జొన్న తప్ప మరొకటి దొరకని పేదలకు పెల్లాగ్రా వస్తోందని, చర్మం పగిలి మనసు చెదిరిపోతోందని గమనించి, గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో రాశారు. జొన్న చెడ్డదని కాదు, ఒక్క గింజనే పట్టుకుని బతికితే ఏ గింజైనా మోసం చేస్తుందని మాబోటివాళ్ళకు అర్థమైంది. మీ ఏలుబడిలో తెలుగువాళ్ళం ఒక దఫా ఉప్పూ నూనె లేకుండా తిన్నాం. మరో దఫా కొబ్బరినూనె గ్లాసుల్లో పోసుకుని తాగాం. ఆ తర్వాత వరి విషమన్నారు, కొర్రలు, అండుకొర్రల కోసం క్యూ కట్టాం. ప్రతిసారీ ఒక్కటే సత్యం, ప్రతిసారీ కొత్త సత్యం. రాయలసీమలో రాగిసంకటి, దాని పక్కన ఊరిబిండి, ఆకుకూర పప్పు తిని పెరిగిన ముసలమ్మకు ఈ సత్యాలన్నీ ఆలస్యంగా తెలిశాయి, ఆమె అప్పటికే ఎనభై దాటింది.

వృత్తి నిర్మాణ విశ్వకర్మా!

ఇప్పుడు అసలు విద్య. మిగతాదంతా దీనికి పునాదే. మొదట ఉచిత వెబినార్. అందులో డాక్టర్లు మీకు చెప్పని ఏడు రహస్యాలు ఉంటాయి. ఆరు చెప్పి ఏడోది మాస్టర్‌క్లాసులో అంటారు. మాస్టర్‌క్లాసు 99 రూపాయలు. అక్కడ ఏడుపు, సంగీతం, బరువు తగ్గక ముందు తగ్గిన తర్వాత ఫొటోలు. చివర తొంభై రోజుల ప్యాకేజీ, ఈఎంఐ సౌకర్యంతో. ప్యాకేజీలో చేరాక మీ బ్రాండు పొడి డబ్బా, పేగుల క్యాప్సూళ్ళు, నిద్ర చుక్కలు. బరువు తగ్గితే మీ ప్లాను గొప్ప, తగ్గకపోతే మా నమ్మకంలో లోపం. బరువు పెరిగితే ఒంట్లో విషాలు బయటికొస్తున్నాయని అర్థం. ఏం జరిగినా మీరే గెలిచే ఆట కనిపెట్టారు.

దీనికంతటికీ ప్రాణం మీ సొంత కథ. "డాక్టర్లు చేతులెత్తేశారు, తిండితో బతికాను" అని చెప్పుకోవడానికి ఒక జబ్బు ఉండాలి. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే యువతికి జబ్బు లేకపోయినా ధైర్యం ఉంది. మెదడు క్యాన్సరును ఆహారంతో జయించానని చెప్పి యాప్ పెట్టింది, పుస్తకం వేసింది. 2015లో ఆమెకు క్యాన్సరే లేదని బయటపడింది. 2017లో కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కల్పనా సాహిత్యం పట్ల ఆ దేశానికి బొత్తిగా ఆదరణ లేదు.

అన్నిటికన్నా పై మెట్టు వేరే ఉంది. క్లయింట్లకు ఎంత చెప్పినా వాళ్ళు చివరికి తగ్గుతారు, లేదా విసిగి పోతారు, ఎలాగైనా ఫీజు ఆగిపోతుంది. అందుకని మీరు తిండి చెప్పడం తగ్గించి, తిండి చెప్పడం నేర్పడం మొదలుపెట్టారు. "మీరూ హోలిస్టిక్ న్యూట్రిషన్ కోచ్ కావచ్చు, ఇంట్లో కూర్చుని నెలకు లక్ష." మొదటి బ్యాచిలో చేరినవాళ్ళు మీ దగ్గర తగ్గనివాళ్ళే. వాళ్ళు తమ అక్కచెల్లెళ్ళను చేర్చారు. బీమా ఏజెంటుగా మొన్నటిదాకా పాలసీలు చెప్పినాయన ఇప్పుడు మైక్రోబయోమ్ చెబుతున్నాడు. చిట్టీలు నడిపినామె పార్కు ఎదురుగా షట్టరు అద్దెకు తీసుకుని పొద్దున్నే ఆరింటికి షేకులు కలుపుతోంది. ఉద్యోగం పోయిన కుర్రాడు, చంటిపిల్లలతో ఇంట్లో ఉండిపోయిన కోడలు, పింఛను చాలని ఆయన, వీళ్ళ మీదే మీ వృత్తి భవనం నిలబడింది. వాళ్ళు మోసగాళ్ళు కారు. అప్పు చేసి కోర్సు ఫీజు కట్టారు, అది తీరాలంటే ఇంకో పది మందికి డబ్బాలు అంటగట్టాలి. మా వీధిలో ఇప్పుడు తినేవాళ్ళకన్నా తినొద్దనేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఈ పత్రంలో మిమ్మల్ని ఒకరితో పోల్చబోయి మానుకున్నాం. వ్యక్తిగత పోషణ అనే వృత్తి ఇంకొకటి మన ఊళ్ళలో చాలాకాలంగా ఉంది. అంగన్‌వాడీ టీచరు నెల నెలా ఒక్కో బిడ్డనూ తూకం వేసి, ఎత్తు కొలిచి, చార్టు మీద చుక్క పెడుతుంది. ఏ పిల్ల గుడ్డులో పచ్చసొన ఊసేస్తుందో, ఏ గర్భిణికి ఐరన్ మాత్ర వాంతి తెస్తుందో, ఏ ఇంట్లో అత్త పాలు తాగనివ్వదో ఆమెకు తెలుసు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి ఉంది. ఇంతమంది క్లయింట్లు ఉన్న వృత్తి ఇంకోటి లేదు. కాకపోతే వాళ్ళెవరూ మీ వెబినార్లకు రారు, వాళ్ళ దగ్గర 99 రూపాయలుంటే గుడ్లు కొంటారు. ఆ టీచరుకు ఇచ్చేదాన్ని ప్రభుత్వం జీతమని కూడా అనదు, గౌరవ వేతనం అంటుంది. ఆమె పనికి కెరీర్ అనే పేరు ఎవరూ పెట్టలేదు కాబట్టి మీకు పోటీ లేదు, నిశ్చింతగా ఉండండి.

శాలువా, జ్ఞాపిక, పళ్ళబుట్ట స్వీకరించే ముందు ఆచార్యులవారికి ఒక చిన్న మనవి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు ఆ చట్టం పరిధిలోని వృత్తుల్లో ఉన్నారు. రిజిస్టరులో పేరు ఎక్కాలంటే గుర్తింపున్న చదువు చూపించాలి. బంగారు రంగు ముద్ర చాలదేమోనని మా బెంగ. ఇంకా వయసుంది, ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టుకోండి. హోమ్ సైన్స్ కాలేజీ మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు సహకరించకపోతే ఆ కింది అంతస్తు గదిలోని అమ్మాయిని అడగండి, ఏం తినాలో చెబుతుంది.

సభకు వచ్చిన పౌరులకు కూడా ఒక మాట. రేపు ఫీజు కట్టే ముందు మీరు వేసుకుంటున్న మందుల చీటీ ఎదుటివారి చేతిలో పెట్టండి. దాన్ని చదవకుండా ప్లాన్ ఇస్తే, లేదా ప్లాన్‌తో పాటు డబ్బా కూడా ఇస్తే, లేచి బయటికి వచ్చేయండి. మాత్రలు ఆపాలా వద్దా అన్నది మాత్రం వాటిని రాసిన డాక్టరునే అడగండి.